వంతకు విడిచిన చోటు

గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల్లో మనుషులు పాముకు అంతగా భయపడరు గానీ ఖాళీ గడికి భయపడతారు. రిజిస్టరులో ఒక్క గడి రాయకుండా మిగిలిందంటే, ఆడిటుకు వచ్చినవాళ్లు దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుడతారు. ఆ సున్నా మేనేజరు దగ్గర మొదలై, మెట్టు మెట్టూ దిగి, చివరికి ఆ పుస్తకం ముందు కూర్చున్న మనిషి మెడకు చుట్టుకుంటుంది. పైన ఉన్నవాళ్లకు మెడలు ఉండవు కాబోలు.

హర్షిణి అలాంటి పుస్తకం ముందే కూర్చుంటుంది. కాంట్రాక్టు మనిషి. షిఫ్టు ఎక్కేవాళ్లకు స్టోరు కిటికీలోంచి గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కులు, మాస్కు ముందు బిగించే గాలి వడగట్టే డబ్బాలు ఇవ్వడం, ఇచ్చినట్టు రాయించడం ఆమె పని. ఇవ్వడానికి సరుకు ఒక్కోసారి ఉండదు. రాయడానికి గడి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అందుకని స్టోరు ఇన్‌చార్జి వెంకటేశం ఆమె చేరిన మొదటి నెలలోనే ఒక కిటుకు నేర్పాడు. శనివారం మధ్యాహ్నం కాస్త తీరిక దొరకగానే వచ్చే వారం పేజీలు తీసి, ‘ఇచ్చినవారు’ అన్న వరుసలో పైనుంచి కిందిదాకా సంతకాలు పెట్టెయ్యాలి. ‘తీసుకున్నవారు’ కూడా సోమవారం పొద్దునే వారానికి సరిపడా పెట్టేసి పోతారు. రోజూ సంతకానికి వరుస కడితే షిఫ్టు ఆలస్యమవుతుంది కదా. సరుకు దాని తీరిక చూసుకొని అదే వస్తుంది. ఇది తప్పని ఎవరూ అనలేదు. పైగా హర్షిణి పేజీ ఎప్పుడు చూసినా నిండుగా ఉంటుందని మెచ్చుకున్నారు.

ఆ గురువారం ఆమె గ్లౌజులు జతలు కలిపి కట్టలు కడుతుంటే వెంకటేశం వచ్చి కిటికీ చెక్క మీద తాళంచెవితో కొట్టాడు.

“హెచ్‌ఆర్ సార్ పిలుస్తుండు. జల్దీ పో.”

ఆమె చేతిలో కట్ట జారింది. ఇరవై రోజులుగా ఎవరు పిలిచినా ఇంతే.

హెచ్‌ఆర్ శ్రావణ్‌కుమార్ మంచివాడు. నవ్వుతాడు, కూర్చోమంటాడు. మంచివాడుగా ఉండటం అతని ఉద్యోగంలో ఒక భాగం.

“ఏం లేదు, పరేషాన్ గాకు. నువ్వు ఫోన్‌ల పాటలు చేస్తవంట గదా? బతుకమ్మప్పుడు క్యాంటీన్‌ల ఇన్న. నీ గొంతేనా అది?”

“నా గొంతు గాదు సార్. ఏఐ యాప్ పాడుతది. మాటలు రాసిస్తే రాగం గిట్ల అదే కడుతది.”

“అదే గావాలె మనకు. మార్చి నాలుగు సేఫ్టీ డే. ప్లాంట్ హెడ్ సార్ ఏదన్న కొత్తగ చెయ్యిమంటుండు. పాట చేసినవనుకో, ఆ పొద్దు అందరికీ వినిపిస్తం. తర్వాత షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ మైకుల పెడతం. రోజుకు మూడుసార్లు.” అతను కంప్యూటరు మీద కొట్టించిన కాగితం ఒకటి ఆమె ముందుకు తోశాడు. “మాటలు నేనే రాసిన. బాగున్నయా చూడు.”

*నర్సన్న చేసిన తప్పు మనం చేయవద్దు*
*మాస్కు మరచిన మనిషికి తప్పదు ముప్పు*

హర్షిణి రెండు వరుసలనే నాలుగుసార్లు చదివింది.

“పేరెందుకు సార్?”

“పేరుంటే మనసుకు తాకుతది. లేకుంటే ఎవరింటరు చెప్పు? మనకు ఆయన మీద కోపమేం లేదు. ఎంక్వైరీల తేలింది గద, డబ్బా ఇచ్చినట్టు నీ సంతకమే ఉండె. ఇచ్చినంక పెట్టుకోకుంటే తప్పెవరిది? సేఫ్టీ డే అయినంక ఆ పేపర్ హెడ్డాఫీసుకు పోతది. పోతే ఇగ ఆయన్ను మళ్ల లోపటికి తీసుకునుడు కష్టమే, పాపం.” నిజంగానే జాలిపడ్డాడు. ఆ తర్వాత, అంతే నిజంగా, “నెలాఖరుకు కాంట్రాక్టు రెన్యువల్ లిస్టు నేనే పంపాలె. పాట మంచిగ చెయ్యి. స్టేజి మీదికి పిలిచి బొకే ఇప్పిస్త” అన్నాడు.

ఆమె కిటికీ దగ్గరికి తిరిగివచ్చి కాగితం మడిచి రిజిస్టరులో పెట్టుకుంది. ఏ పేజీలో పెట్టాలో వెతుక్కోనక్కరలేకపోయింది. ఆ పేజీ దగ్గర పుస్తకం తనంతట తనే తెరుచుకుంటోంది.

నర్సన్నది ఆమె ఊరే, వరసకు మామ. మందులు వండే రియాక్టరు పైన పైపు జారి రసాయనాల ఆవిరి మొహాన కొట్టడానికి ముందు మూడు రోజులు వరసగా అతను ఈ కిటికీ దగ్గరికి వచ్చాడు. “బిడ్డా, డబ్బా పనికొస్తలేదు. వాసన లోపటికే వస్తుంది” అన్నాడు. మూడు రోజులూ ఆమె “రేపొస్తయి మామా” అంది. స్టోరులో డబ్బాలు అయిపోయి అప్పటికి పదకొండు రోజులు. నాలుగో రోజు అతను కిటికీ దగ్గరికి రాలేదు. తుండుగుడ్డ తడిపి మూతికి కట్టుకొని పైకెక్కాడు. మాస్కు పెట్టుకోలేదన్న మాట నిజమే. నిజంలో సగం.

మిగిలిన సగం ఆమె దగ్గర ఉంది. దాన్ని బయట పెడితే తప్పు నర్సన్నను వదిలి, తిన్నగా నడిచివచ్చి తన కిటికీ ముందు నిలబడుతుంది. వెంకటేశం ఆ మాట ముందే అనేశాడు: “సంతకం ఎవలది? నీది. మరి జవాబెవలు జెప్పాలె?” తేలు కుట్టిన దొంగలాగా ఆమె ఇరవై రోజులుగా కిక్కురుమనకుండా గ్లౌజులు లెక్కపెట్టుకుంటోంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక క్యాంటీను వెనక నీళ్ల ట్యాంకు నీడలో కూర్చొని ఫోను తీసింది. శ్రావణ్‌కుమార్ మాటలు టైపు చేయడానికి వేళ్లు రాలేదు. ‘ఫ్యాక్టరీలో ప్రమాదం, నర్సన్న అనే కార్మికుడు, భద్రత పాట’ అని మాత్రం ఇచ్చి, మాటలు కూడా నువ్వే రాసుకో అని యాప్‌కు వదిలేసింది. నిమిషం తిరక్కుండా పాట తయారు. వయొలిన్లు మొదలయ్యాయి, ఒకతను సన్నగా అందుకున్నాడు: *ఒక్క క్షణం ఏమరుపాటు, బతుకంతా తడబాటు, ఓ నర్సన్నా...*

హర్షిణి ఫోను వంక తేరిపార చూసింది. ఆ యాప్‌కు నర్సన్న ఎవరో తెలియదు, డబ్బా సంగతి తెలియదు, గడ్డపోతారం ఎక్కడుందో తెలియదు. తప్పు పనివాడిదేనన్న ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు. లోకంలో ఉన్న సేఫ్టీ పాటలన్నీ ఒక్కచోట పోసి కలిపితే అడుగున మిగిలేది అదే కావచ్చు.

ఇక తప్పదని శ్రావణ్‌కుమార్ వరుసలు ఎక్కించింది. ఈసారి ఆడగొంతు వచ్చింది. ఏం గొంతు! చంటిపిల్లను ఊయలలో పడుకోబెట్టినంత మెత్తగా ‘నర్సన్న చేసిన తప్పు’ అని పాడింది. పళ్లేలు కడుగుతున్న ముత్యమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. నర్సన్నకు పదేళ్లుగా అన్నం వడ్డించిన మనిషి ఆమె.

“ఎంత మంచిగ పాడుతుందే!” అని పాట అయ్యేదాకా విని, కొంగుతో కళ్లొత్తుకుంది. “అయితే నర్సన్నే మాస్కు మరిచిండా బిడ్డా? నేను ఇంకేందో అనుకుంటున్న ఇన్నాళ్లు.”

హర్షిణి ఫోను బోర్లించింది. ఎంక్వైరీ కాగితం చెప్తే ముత్యమ్మ నమ్మలేదు, సూపర్‌వైజర్లు చెప్తే నమ్మలేదు. తియ్యటి గొంతు రెండు నిమిషాలు పాడితే నమ్మేసింది. ఇది రోజుకు మూడుసార్లు మోగుతుంది, గోడ దాటి ఊరిలోకి కూడా వినబడుతుంది. మర్నాడు సాయంత్రం షిఫ్టు దిగుతూనే ఆమె నర్సన్న ఇంటికి వెళ్లింది.

నర్సన్న భార్య సత్తెమ్మ వాకిట్లో చాప మీద కూర్చొని చింతపండు కొడుతోంది. సుత్తితో కాయను తట్టి, గింజ ఊడ్చి, గుజ్జు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు వేస్తోంది. నర్సన్న గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదట. చిరుతల భజనలో ముప్పై ఏళ్లు ముందుపాట పాడినవాడు, ఇప్పుడు “రా బిడ్డా” అంటే ఆ రెండు మాటల్లో సగం గాలే వచ్చింది. భజనలో వాయించే కట్టె చిరుతలు తల మీద మేకుకు వేలాడుతున్నాయి.

దాచినకొద్దీ బరువని హర్షిణి కాగితం తీసి చదివింది. నర్సన్న కళ్లు మూసుకొని, మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నాడు. తనను తిట్టిన పాటకు తాళం వేసే మనిషిని ఆమె అదే మొదటిసారి చూడటం.

“రెండో వరుస కుంటుతుంది,” అన్నాడు. “తాళం తెల్వనోడు రాసిండు.”

సత్తెమ్మ సుత్తి ఆగింది. “నీ ఇజ్జత్ తీస్తుంటే తాళమంటవేందయ్యా?”

“మాట ఆళ్లది. ఆళ్ల మాటకు నేనేం జేస్త? తాళం మనది.”

సత్తెమ్మ అతన్ని వదిలేసి హర్షిణి వైపు తిరిగింది. కోపంగా కాదు, అలిసిపోయి అడిగింది. “నాకు పాటలొద్దు బిడ్డా. ఆ పొద్దు డబ్బాలు లేవని ఒక్క మాట నువ్వు జెప్తె సాలు. నీ మామకు ఇగ రియాక్టర్ ఎక్కుడు గాదు, గేటుకాడ కుర్సేసి కూసోవెట్టినా సాలు. తప్పు ఆయనదే అంటే గేటుకాడికి గూడ రానియ్యరట.”

“సంతకం నాదున్నది అత్తా. నేను జెప్తె తప్పు నాదైతది.”

“మరి ఇప్పుడెవరిదైంది?”

సత్తెమ్మ మళ్లీ కాయ తట్టింది. నర్సన్నే చెయ్యి ఎత్తి మేకు వైపు చూపించి, “అవి ఇటియ్యి. ఫోన్ తియ్యి. నీ మిషన్‌కు నేను తాళమిస్త” అన్నాడు.

చిరుతలు చేతిలోకి రాగానే అతని వీపు నిటారైంది. కట్టె మీద కట్టె పడ్డ చప్పుడు వాకిలంతా పరుచుకుంది.

“ఇను. ముందుపాట పాడెటోడు అడుగుతడు. వంత జవాబిస్తది. అడిగినంక ముందుపాటోడు ఆగాలె.” ఆగి, దగ్గి, ఊపిరి తెచ్చుకున్నాడు. “పాడుడు అందరు నేర్సుకుంటరు బిడ్డా, ఆగుడు ఎవ్వడు నేర్సుకోడు. నాలుగు దెబ్బలు ఖాళీగ ఇడవాలె. నాలుగో దెబ్బ పడ్డంకనే వంత ఎత్తుకోవాలె. ముందే ఎత్తుకుంటే ముందుపాట మీద పడ్డట్టుంటది, ఇనబుద్ధి గాదు.”

ఆమె ఫోనులో ఆ దెబ్బలు రికార్డు చేసుకుంది. చివరన అతని దగ్గు కూడా పడింది. వెళ్లేటప్పుడు నర్సన్న చిరుతలు ఆమె సంచిలో వేశాడు. తన సంతకం గురించి అతను ఒక్క మాటా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని దారి పొడవునా ఆమెకు అనిపించింది.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం కిటికీ ఖాళీ అయింది. వెంకటేశం పుస్తకం తెచ్చి ముందు పెట్టి, వచ్చే వారం పేజీ తనే తిప్పాడు. హర్షిణి పెన్ను పట్టుకొని కాసేపు కూర్చుంది. “ఏంది, పేరు మరిచినవా?” అని అతను ఎగతాళి చేశాడు. ఆమె పెట్టింది. పైనుంచి కిందిదాకా, ఒక్క గడి వదలకుండా పెట్టింది. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు గానీ, ఆ రెండింటి మధ్యా నిలబడ్డ మనిషి చేతికి ఎవరో ఒకరు పెన్ను ఇస్తూనే ఉంటారన్న సంగతి సామెతలో లేదు.

ఆదివారం పొద్దున ఇంటి వెనక కూర్చొని ఆమె పాట పట్టింది. శ్రావణ్‌కుమార్ కాగితం పక్కన పడేసి తనే రాసింది. తప్పు అన్న మాట లేకుండా, అన్నీ అడిగే మాటలే.

*తలకు టోపీ పెట్టినవా తమ్మీ? పెట్టినమే*
*చేతికి గ్లౌజు తొడిగినవా చెల్లే? తొడిగినమే*
*డబ్బా కొత్తది మార్చినవా నర్సన్నా?*

అక్కడ ఆగిపోయింది. ‘మార్చినమే’ అని రాయాలి. రాగం ఆ మాట కోసమే నోరు తెరుచుకొని ఉంది. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. నిజం రాయడానికి ధైర్యం రాలేదు. రెండూ రానప్పుడు మనిషి చేసే పనే ఆమె చేసింది. ఖాళీ వదిలింది.

యాప్ ఊరుకుంటే కదా! మొదటిసారి ఆ ఖాళీలో వేణువు ఊదింది. వేణువు వద్దని రాస్తే డోలు మోగించింది. డోలూ వద్దంటే ‘ఓహో’ అని రాగం తీసింది. ఒకసారి నలుగురు మగవాళ్లు ఎక్కడినుంచో ఊడిపడి ‘అవునే’ అని అరిచారు. ఎవరయ్యా మీరు, మిమ్మల్ని ఎవరు పిలిచారని ఆమె ఫోనును కసిరింది. ఎంత చెప్పినా అడిగినప్పుడల్లా రెండేసి పాటలు వస్తున్నాయి, రెండింటిలోనూ ఆ చోటు నిండిపోయి ఉంటోంది. దానికీ ఖాళీ గడి అంటే భయమే. దాన్నీ ఏ వెంకటేశమో తయారు చేసి ఉంటాడు.

మధ్యాహ్నానికి ఆమెకు దారి తెలిసింది. దాన్ని పాటంతా అడగడమే తన పొరపాటు. పాటంతా అడిగితే పాట దానిదవుతుంది. చిరుతలు వాయిస్తూ తనే కూనిరాగం తీసి, అది ఎక్కించి, ఈ రాగం దాటొద్దంది. ఒక్క ఆడగొంతు చాలు, వయొలిన్ల పని లేదంది. ఒక్కో ప్రశ్నను ఒక్కోసారి, విడివిడిగా పాడించింది. అది ‘మార్చినావా’ అని సినిమాలో హీరోయిన్‌లాగా సాగదీస్తే, అక్షరాలు విడగొట్టి ఊళ్లో అనేటట్టు ‘మార్చినవా’ అనేదాకా వదల్లేదు. రోజుకు అది ఊరికే ఇచ్చే పాటలు అయిపోతే అమ్మ ఫోను తెచ్చి మళ్లీ మొదలుపెట్టింది. వచ్చిన ముక్కల్లో పనికొచ్చింది కోసి, మిగతాది పారేసి, వీడియోలు కోసే యాప్‌లో వరసగా అతికించింది. మూడో ప్రశ్న తర్వాత వచ్చే చోట మిషన్ చప్పుడు పూర్తిగా తీసేసి నర్సన్న వాయించిన నాలుగు దెబ్బలు పెట్టింది. దాని తర్వాత వంతకని ఇంకో నాలుగు దెబ్బల చోటు విడిచింది. ఆ ప్రశ్న పాటలో మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ అంతే. సార్లకు నచ్చాలి గనక చివర మాత్రం వయొలిన్లు ఉంచింది.

అతికించాక విన్నది. జీవితంలో మొదటిసారి ఒక పని తాను చెప్పినట్టు జరిగింది. ఆ సంతోషం వెనకే ఆశ ఒకటి మెల్లగా తల ఎత్తింది: ప్లాంటులో నాలుగు వందల మంది ఉన్నారు. డబ్బాలు లేవని అందరికీ తెలుసు. ఎవరో ఒకరు అంటారు. తాను అననక్కరలేదు.

సోమవారం శ్రావణ్‌కుమార్ హెడ్‌ఫోన్లు పెట్టుకొని తల ఊపుతూ విన్నాడు. మధ్యలో ఊపడం ఆగింది.

“ఈడ ఏంది, పాట కట్టయింది?”

“వంత సార్. మా దిక్కు చిరుతల భజనల గిట్లనే ఉంటది. ముందు రెండు మిషనే చెప్తది. మూడోది మనోళ్లు చెప్పాలె.” ఆమె గొంతు వణకలేదు. వణకకపోవడం చూసి ఆమెకే భయమేసింది.

“వర్కర్లు చెప్పాలె! అంటే పార్టిసిపేషన్!” అతని మొహం విప్పారింది. “సూపర్. మా మాటలకన్న ఇదే బాగుంది. నర్సన్న పేరు గూడ ఉంది. మరి జవాబు ఏందని అందరికీ ఎట్ల తెలుస్తది?” అని తనే ఆలోచించి, తనే జవాబు కనిపెట్టాడు. సాయంత్రానికల్లా చీటీలు అచ్చయి అన్ని సెక్షన్లకూ చేరాయి. ‘మూడవ ప్రశ్నకు అందరూ గట్టిగా “మార్చినమే” అనవలెను.’

ఆమె విడిచిన ఖాళీని కంపెనీ ఒక్క పూటలో నింపేసింది.

మార్చి నాలుగు ఉదయం పార్కింగ్ స్థలంలో షామియానా వేశారు. అందరికీ ఆకుపచ్చ రిబ్బన్లు గుచ్చారు. చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశారు. ప్లాంట్ హెడ్ పది నిమిషాలు మాట్లాడాడు. తర్వాత హర్షిణిని పైకి పిలిచి, జిలుగుకాగితం చుట్టిన బొకే చేతికిచ్చి, ఒక పక్కన నిలబెట్టారు. ఆ పక్కనే వెంకటేశం మైకు పట్టుకొని ఉన్నాడు. వంత నడిపించే పని అతనికి అప్పజెప్పారు. స్టోరులో కొత్త డబ్బాలు అట్టపెట్టెల్లో అటక దాకా ఉన్నాయి. ప్రమాదం జరిగిన మూడో రోజే వచ్చాయి.

పాట మొదలైంది. సైరన్ మైకుల్లోంచి చిరుతల చప్పుడు రాగానే ఊరివాళ్లు కొందరు తలలెత్తారు. ఆ చెయ్యి ఎవరిదో వాళ్లకు తెలుసు.

*తలకు టోపీ పెట్టినవా తమ్మీ?* పెట్టినమే, అన్నారు మిషన్‌తోపాటు. *చేతికి గ్లౌజు తొడిగినవా చెల్లే?* తొడిగినమే! నవ్వులు కూడా వినబడ్డాయి.

*డబ్బా కొత్తది మార్చినవా నర్సన్నా?*

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆ తర్వాత ఏమీ లేదు.

చీటీలో ఉన్న మాట ఎవరూ అనలేదు. చీటీలో లేని మాటా ఎవరూ అనలేదు. నాలుగు వందల మంది తమ బూట్ల వంక చూసుకుంటున్నారు. హర్షిణి ఒక్కొక్క మొహమే చూసింది. రియాక్టరు మీద నర్సన్న పక్కన నిలబడ్డవాళ్లున్నారు. మోసుకొని దించినవాళ్లున్నారు. ముత్యమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. వాళ్లకూ లిస్టులున్నాయి, నెలాఖరులున్నాయి. తాను ఏం చేసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. మళ్లీ ఒక గడి ఖాళీగా వదిలింది. ఎవరో వచ్చి నింపుతారని కిటికీ వెనక నక్కి కూర్చుంది.

రెండో చుట్టు వచ్చింది. *మార్చినవా నర్సన్నా?* నాలుగు దెబ్బలు. శ్రావణ్‌కుమార్ కనుసైగ చేశాడు. వెంకటేశం మైకులో ఒక్కడే “మార్చినమే!” అని అరిచాడు. ఆ గొంతు గోడ దాటి ఊళ్లోకి వెళ్లింది. నర్సన్న ఇల్లు అటే.

మూడో చుట్టుకు వెంకటేశం ముందే మైకు నోటి దగ్గర పెట్టుకొని, ఊపిరి పీల్చుకొని సిద్ధంగా ఉన్నాడు. *డబ్బా కొత్తది మార్చినవా నర్సన్నా?* ఒకటి. రెండు. మూడు.

“ఇయ్యలేదే!”

బొకే ఎప్పుడు కిందపడిందో హర్షిణికి తెలియదు. తెరిచిన మైకు రెండడుగుల దూరంలో ఉంది. ఆమె గొంతు ప్లాంటులోని అన్ని సైరన్ మైకుల్లోంచీ తిరిగివచ్చి ఆమెనే కొట్టింది. రాగం కూడా తప్పలేదు. ఆగలేక ఇంకో మాట అంది, రాగం లేకుండా. “నేనే ఇయ్యలే. స్టోర్ల లేవు.”

వెంకటేశం నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. క్యాంటీను వైపు నుంచి ముత్యమ్మ, భజనలో ముందుపాటకు వంత ఎత్తుకున్నట్టే, సన్నగా “ఇయ్యలేదే” అంది. ఊరివాళ్లు ఇంకో ముగ్గురో నలుగురో అన్నారు. అంతే. మిగతావాళ్లు బూట్లనే చూసుకుంటున్నారు. తర్వాత వయొలిన్లు వచ్చాయి, ఆమె సార్ల కోసం ఉంచినవి, పెళ్లి ఊరేగింపులాగా మోగి మోగి ఆగాయి.

ఆఫీసులో శ్రావణ్‌కుమార్ ఈసారి కూర్చోమనలేదు. “ఏం మాట్లాడినవో తెలుసా నీకు?”

“తెలుసు సార్. పదకొండు రోజులు డబ్బాలు లేవు. సంతకాలు శనివారం నాడే పెట్టిన. అన్ని నావే.”

“రాసిస్తవా ఇది?” ఆమె జంకుతుందనే అడిగాడు.

ఆమె తెల్లకాగితం తీసుకుంది. తేదీలు రాసింది. నర్సన్న మూడుసార్లు వచ్చి అడిగినట్టు రాసింది. తాను ఏమని తిప్పి పంపిందో రాసింది. ముందుగా సంతకాలు పెట్టడం ఎవరు నేర్పారో రాసి, పెట్టిన చెయ్యి మాత్రం తనదేనని రాసింది. సగం పేజీకి అయిపోయింది. రికార్డు రాసేవాళ్లందరికీ మొదటిరోజే నేర్పే పద్ధతి ఒకటుంది: మిగిలిన ఖాళీలో తర్వాత ఎవరూ ఇంకో మాట దూర్చకుండా మూల నుంచి మూలకు గీత కొట్టాలి. ఆమె గీత కొట్టింది. గీత మీద సంతకం పెట్టింది. ఫోనులో ఫొటో తీసుకొని కాగితం అతని ముందుకు తోసింది.

శ్రావణ్‌కుమార్ చాలాసేపు ఆ గీతనే చూశాడు. “ఇది నేను పైకి పంపక తప్పదు,” అన్నాడు, తనకే ఎవరో చెప్తున్నట్టు. తర్వాత ఆమె గేటు కార్డు అడిగి తీసుకున్నాడు. పిలిచేదాకా రావద్దన్నాడు. పిలుస్తారో లేదో చెప్పలేదు.

గేటు బయటికి వచ్చి ఆమె ఊరి దారి పట్టింది. రేపు ఇంట్లో ఏం చెప్పాలి, కాగితం పైకి పోతుందా, పోలీసులు వస్తారా అని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. భయం పోతుందనుకుంది గానీ పోలేదు. తేలు కుట్టిన చోట మంట మాత్రం ఇప్పుడు నోరు తెరిచి చెప్పుకునే మంట.

ఊళ్లోకి వెళ్లేసరికి ఎండ ఇంకా ఉంది. సత్తెమ్మ చింతపండు ముద్దలు కట్టి జాడీలో వత్తుతోంది. ఆమెను చూసి లేచి నిలబడింది. ఉప్పంటిన చేతులతోనే హర్షిణి మొహం రెండు పక్కలా పట్టుకుంది.

నర్సన్న గోడకు ఆనుకొని అలాగే ఉన్నాడు. “ఇన్న,” అన్నాడు. “మైకుల ఈడిదాక వచ్చింది.” ఆగి ఊపిరి తెచ్చుకున్నాడు. “జెర ముందే ఎత్తుకున్నవ్. నాలుగో దెబ్బ పడలే ఇంక.”

“గాబరైంది మామా.”

“గాబరైతె అయితది. గానీ తాళం తాళమే.” అతను చెయ్యి చాచాడు. హర్షిణి సంచిలోంచి చిరుతలు తీసిచ్చింది. “మళ్ల అను.”

అతను గొంతెత్తి ప్రశ్న పాడలేడు. పెదాలు మాత్రం కదిపాడు. డబ్బా కొత్తది మార్చినవా నర్సన్నా, అని తన పేరు తానే పిలుచుకున్నాడు. కట్టె మీద కట్టె పడింది. ఒకటి. రెండు. మూడు. హర్షిణి ఆగింది. నాలుగు.

“ఇయ్యలేదే,” అంది.

“ఇయ్యలేదే,” అని సత్తెమ్మ వంత పలికింది.